‘రాత్రి’ వీసీడీలో శబ్దం వెనకబడుతోంది

రామ్‌గోపాల్ వర్మ 1992లో తీసిన ‘రాత్రి’ తెలుగు వీసీడీని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నాను. రెండో డిస్కులో మొదట్లో అంతా సరిగానే ఉన్నా, పదో నిమిషానికి అర సెకను, నలభయ్యో నిమిషానికి రెండు సెకన్లు శబ్దం వెనకబడుతోంది. రేవతి కళ్లు భయంతో పెద్దవయ్యాక, తీరిగ్గా నేపథ్య సంగీతం ఉలిక్కిపడుతుంది. ఆవిడ అంత నిగ్రహంగా చేసిన నటన నవ్వులాటగా మారుతోంది. ఓం పురి మాటలకూ పెదవులకూ పొంతనే లేదు.

వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో శబ్దాన్ని 2000 మిల్లీసెకన్లు ముందుకు జరిపితే చివర కుదిరింది గానీ మొదలు చెడింది. డిస్కు తుడిచి మళ్లీ కాపీ చేసినా, వేరే కంప్యూటర్‌లో చూసినా ఇదే తేడా.

కంఠస్వరాలు మారకుండా, ఇలా క్రమంగా పెరిగే తేడాను మొత్తం నిడివికి సరిచేయడానికి ఏ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఏ సెట్టింగు వాడాలి?