బెజవాడ నుంచి పిల్లలతో రెస్క్యూ సెంటర్ చూడాలంటే: ఎక్కడికి వెళ్లాలి, ఎవరికి రాయాలి?

కృష్ణలంక_సైన్సు
ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 28 మంది, పెద్దవాళ్లం నలుగురం. డిసెంబరులో ఒక పగలు, కావాలంటే ఒక రాత్రి ప్రయాణం. జిరాఫీ, జీబ్రాలు కాదు; మన అడవుల్లో, మన పొలంగట్ల మీద తిరిగే జంతువులు చూపించాలి. అలుగు, పునుగుపిల్లి, నక్క, ఉడుము, ఎలుగుబంటి. అది కూడా దెబ్బతగిలిన వాటిని తెచ్చి బాగుచేసే చోట చూపిస్తే మంచిదని ఆలోచన. విశాఖలో, తిరుపతిలో రెస్క్యూ సెంటర్లు ఉన్నాయంటున్నారు. లోపలికి రానిస్తారా? ఎవరికి రాయాలి?

అలుగు77
చిక్కంతా పేరు దగ్గరే ఉందండీ. విశాఖ, తిరుపతి జూలను ఆనుకుని ఉన్న రెస్క్యూ సెంటర్లు సర్కస్ జంతువుల కోసం పెట్టినవి. పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతి ఈ ఐదింటినీ ఆడించకూడదని 1998లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, 2001లో సుప్రీంకోర్టు సరేనంది. అప్పుడు సర్కసుల నుంచి వచ్చిన సింహాల్లో చాలావరకు ఆఫ్రికా సింహానికీ గిర్ సింహానికీ పుట్టిన సంకరం. వాటికి పిల్లలు పుట్టనివ్వరు. ముసలివై పోయేదాకా సాకడమే అక్కడి పని. అందువల్ల మీరు అడిగిన జంతువుల్లో చాలావరకు అక్కడ దొరకవు, పైగా సందర్శకుల దారిలో ఆ వైపు గేటే ఉండదు.

ఇక దెబ్బతగిలిన అడవి జంతువులు వచ్చేది జూ ఆసుపత్రికి, క్వారంటైన్ గదులకు. అక్కడికి కీపర్, డాక్టర్ తప్ప ఎవరూ పోరు. పోకూడదు కూడా.

మీకు చూడ్డానికి దొరికేవి మూడో రకం: బాగయ్యాయి గానీ తిరిగి అడవిలో బతకలేనివి. రెక్క విరిగి సరిగా అతకని గద్ద, ఇంట్లో పెంచి మనిషికి అలవాటుపడ్డ కోతి, కన్నుపోయిన నక్క. ఇవి జూలోనే మామూలు ఎన్‌క్లోజర్లలో ఉంటాయి. బోర్డు మీద 'రెస్క్యూ' అని రాసి ఉండదు, కీపర్ని అడిగితేనే తెలుస్తుంది.

తుప్పలచాటు
పైన చెప్పిందానికి కారణం కూడా పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే 'మమ్మల్ని రానివ్వలేదు' అని మొహాలు వేలాడేసుకుంటారు.

దుప్పిని, కృష్ణజింకను తీసుకోండి. కుక్కలు తరిమినప్పుడో, పొలం కంచెలో చిక్కుకున్నప్పుడో పట్టుకొస్తారు. పైకి గాయం చిన్నదే. కానీ విపరీతంగా పరుగెత్తి, బెదిరి, కండరాలు లోపల దెబ్బతింటాయి. దెబ్బతిన్న కండరాల నుంచి వచ్చే విషం రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది, ఒంటి వేడి పెరుగుతుంది. కొన్ని గంటల్లోనో, రెండు మూడు రోజులకో పడిపోతుంది. అందుకే కళ్లకు గుడ్డకట్టి, చీకటి గదిలో, చప్పుడు లేకుండా ఉంచుతారు. ఆ గది తలుపు దగ్గర 28 మంది నిలబడితే ఆ జింకను మనమే చంపినట్టు.

పొదలో ఒంటరిగా పడుకున్న జింకపిల్లను 'తల్లి వదిలేసింది' అని ఎత్తుకొచ్చేవాళ్లు ఇంకో రకం. తల్లి దాన్ని అక్కడ దాచి మేతకు పోతుంది, అంతే. సీసాపాలు తాగి మనిషి వెంట తిరగడం నేర్చిందంటే దానికి అడవి లేనట్టే.

చిరుత సంగతీ ఇంతే. 2023లో తిరుమల నడకదారి దగ్గర బోనుల్లో పడ్డ చిరుతల్ని తిరుపతి జూకే తరలించారు. జూకి వెళ్లాం కదా ఆ చిరుతల్ని చూపించమంటే చూపించరు. వదిలిపెట్టే ఆలోచన ఉన్న జంతువుకి మనిషి వాసన ఎంత తక్కువ తగిలితే అంత మంచిది.

కృష్ణలంక_సైన్సు
అర్థమైంది. అయితే ఆ మూడో రకాన్నే చూపిస్తాం. విశాఖా, హైదరాబాదా, తిరుపతా?

జూపక్కవీధి
మీ పట్టీ చూస్తే నా ఓటు హైదరాబాద్ నెహ్రూ జూకే. 1963 నాటిది. అక్కడ నిశాచర జంతువుల గృహం ఉంది. పగలు లోపల మసక వెలుతురు పెట్టి రాత్రిలా ఉంచుతారు, రాత్రి దీపాలు వేస్తారు. దాంతో దేవాంగపిల్లి, పునుగుపిల్లి లాంటివి మనం వెళ్లే వేళకి మేలుకుని తిరుగుతుంటాయి. మామూలు బోనులో పునుగుపిల్లిని పగలు చూస్తే మూలన ముడుచుకున్న తోకే కనిపిస్తుంది.

అక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. ఎండలోంచి నేరుగా లోపలికి పోయి, రెండు నిమిషాలు నిలబడి, 'ఏమీ లేదు' అని బయటికొచ్చేస్తారు. చీకటికి కళ్లు అలవాటుపడ్డానికి కనీసం ఐదు నుంచి పది నిమిషాలు కావాలి. గుమ్మం లోపలే గోడవారన నిలబడండి. ఏడుగురి చొప్పున నాలుగు జట్లు. ఫోన్లు జేబులోనే, తెర వెలుగు చాలు అంతా పాడుచేయడానికి. దేవాంగపిల్లి కోసం నేల వెతక్కండి, కొమ్మల్లో చూడండి. గడియారం ముల్లులా కదులుతుంది, కదిలేదాకా ఎండాకు అనుకుంటారు.

మూషిక జింకల్ని కూడా అక్కడే చూడండి. హైదరాబాద్‌లో వాటి సంతతిని పెంచి నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వులో వదులుతున్నారు. చూపించేవి కొన్ని, అడవికి పోయేవి కొన్ని, రెండూ ఒకే చోట జరిగే పని ఇది. మీ పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

సాగర్‌నగర్_గేటు
విశాఖను అంత తేలిగ్గా తీసేయకండి బాబూ. ఇందిరాగాంధీ జూలో రేచుకుక్కలున్నాయి, అంటే అడవికుక్కలు. వాటి సంతతి పెంచే పనికి ఆ జూకి మంచి పేరు. గుంపుగా ఉంటాయి, పొద్దున చల్లపూట ఈలలాంటి కూత వినిపిస్తుంది. తూర్పు కనుమల జంతువు, మీ పిల్లల్లో ఎవరూ చూసి ఉండరు.

ప్రయాణం లెక్క మాత్రం ఇలా. పొద్దున ఆరింటి ప్రాంతంలో బెజవాడలో బయల్దేరే రత్నాచల్ ఎక్కితే విశాఖలో దిగేసరికి మధ్యాహ్నం. జూకి చేరేసరికి జంతువులన్నీ నీడన పడి నిద్ర. రాత్రి బండి ఎక్కి తెల్లారి దిగండి, తెరిచిన తొలి గంటలోనే లోపల ఉండాలి. గేట్లు రెండు: ఒకటి హైవే వైపు, ఒకటి బీచ్ రోడ్డు వైపు. బస్సు ఏ గేటు దగ్గర ఆగుతుందో ముందే తేల్చుకోండి. లోపల ఒక గేటు నుంచి ఇంకో గేటుకి పిల్లలతో నడవడం అంటే అరపూట పోయినట్టే.

సోమవారం విశాఖకీ సెలవు, హైదరాబాద్‌కీ సెలవు.

పెదకాకాని_కొంగ
గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు ఉండగా 350 కిలోమీటర్లు ఎందుకండీ? గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, డిసెంబరులో చెట్లు విరిగేంత. బోను లేదు, టికెట్ కోసం తోపులాట లేదు. పొద్దెక్కకముందో, సాయంత్రం తిరిగి గూళ్లకు చేరే వేళో వెళ్లాలి. మధ్యాహ్నం పోతే సగం పక్షులు మేతకు పోయి ఉంటాయి.

అక్కడ పునరావాసం పాఠం కూడా ఉంది. గూడులోంచి జారిన గూడబాతు పిల్లను తల్లి కింద దిగి మేపదు. దాన్ని చూసి జాలిపడి చేప ముక్క నోట్లో కుక్కితే ఊపిరాడక చస్తుంది. పట్టుకోవద్దు, కాపలావాళ్లకు చెప్పాలి.

నల్లపాడు_రోడ్డు
సూర్యలంక కూడా ఉంది. బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు. అటవీశాఖవాళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లు పొదిగిస్తారు. నా లెక్కలో, మన దగ్గర జనం నిజంగా దగ్గరుండి చూడగలిగిన పునరావాసం పని ఇదొక్కటే.

కాకపోతే డిసెంబరు పనికిరాదు. తల్లులు ఒడ్డెక్కేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి, పిల్లలు బయటికొచ్చేది దాని తర్వాత 45–55 రోజులకు. రాత్రి కాపలావాళ్లు ఒడ్డున నడుస్తూ ట్రాక్టరు టైరు జాడలాంటి గుర్తు పట్టుకుని గూడు కనిపెడతారు. ఒక్కో గూట్లో వంద, అటూ ఇటూగా. గుడ్లు పెట్టిన కొద్ది గంటల్లోనే తరలించాలి. ఆలస్యమైతే లోపలి పిండం పెంకుకి అతుక్కుంటుంది, అప్పుడు గుడ్డు దొర్లితే పిండం తెగిపోతుంది. అందుకే ఏ గుడ్డు ఏ వైపు పైకి ఉందో అలాగే ఉంచి మోస్తారు. హేచరీలో గుంత మూరెడు లోతు, మెడ సన్నం, అడుగు వెడల్పు, అచ్చు మట్టికూజాలా. తల్లి తవ్వినట్టే తవ్వాలి. పైన వల బుట్ట బోర్లిస్తారు, కుక్కలకీ నక్కలకీ అందకుండా.

ప్రతి గుంత దగ్గరా చీటీ ఉంటుంది: తేదీ, గుడ్ల సంఖ్య. పిల్లల చేత చీటీ చదివించి, ఏ తేదీకి పొదుగుతాయో లెక్క కట్టించండి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు పుడతాయని చెప్పి, ఒకే హేచరీలో జనవరి గుంతకీ మార్చి గుంతకీ తేడా ఏముంటుందో అడగండి.

వదిలేది తెల్లవారుజామునే, ఇసుక కాలకముందు. నీళ్లలో తీసుకెళ్లి వేయరు; ఒడ్డు పైన వదిలి, వాటంతటవే పాకనిస్తారు. తాబేలు పిల్లలు పాకే దారికి ముందు ఎవరూ నిలబడకూడదు, వెనకే. తెల్ల టార్చి, ఫ్లాష్ వెలిగిస్తే సముద్రం వైపు పోవాల్సినవి మీ వైపు తిరుగుతాయి. దోమల క్రీము రాసుకున్న చేతులతో ముట్టుకోవద్దు. అసలు ముట్టుకోకపోతేనే మంచిది.

కొత్తపేట_రమేశ్_కాదు
ఇంత తిరుగుడు ఎందుకు? పాముల్ని బడికే తెచ్చి చూపించేవాళ్లున్నారు కదా, పిల్లలు పట్టుకుని ఫొటో కూడా దిగొచ్చు.

తుప్పలచాటు
వద్దు సోదరా. పట్టి ఆడించడమే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. అది పక్కన పెట్టినా, 'కోరలు పీకేశాం' అన్న మాటను నమ్మకండి. నాగుపాముకి పీకిన కోర వెనకే ఇంకోటి సిద్ధంగా ఉంటుంది, కొన్ని వారాల్లో ముందుకొస్తుంది. విషం తిత్తి అలాగే ఉంటుంది. పీకిన గాయం చీము పట్టి ఆ పాము ఎటూ చస్తుంది. జూలో అద్దం వెనక నాగుపామునీ జెర్రిపోతునీ పక్కపక్కన చూపించండి. మన పొలాల్లో నాగుపామనుకుని కొట్టి చంపేది ఎక్కువగా ఆ జెర్రిపోతునే.

బందరుకాలువ
నేనొకటి కలుపుతా. రామచిలుక 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. ఇప్పుడు అదే వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 2లో ఉంది. ఇంట్లో పంజరంలో పెట్టడం తప్పని పిల్లల్లో సగం మందికి తెలియదు. జోస్యం చెప్పేవాళ్ల దగ్గర్నుంచి తెచ్చిన చిలకల్ని ఆ రోజే ఎందుకు ఎగరేయరో జూలో అడిగించండి. రెక్క ఈకలు కత్తిరించి ఉంటారు. కత్తిరించిన ఈక పెరగదు, రాలి కొత్తది రావాలి. దానికి నెలలు పడుతుంది. ఆ తర్వాత పొడవాటి పంజరంలో ఎగరడం మళ్లీ అలవాటు చేయాలి.

నక్షత్ర తాబేలు అయితే పెంకు చూడమనండి. అన్నం, పప్పు పెట్టి పెంచినదాని పెంకు గుట్టలు గుట్టలుగా లేచి ఉంటుంది. అది మళ్లీ నునుపవదు.

అలుగు77
ఎలుగుబంటి పళ్ల గురించి కూడా. పై దవడలో ముందు రెండు పళ్లు లేకపోతే 'ఎవరో పీకేశారు' అనుకోవద్దు, మన ఎలుగుకి పుట్టుకతోనే ఉండవు. చెదల పుట్టలోంచి చెదల్ని గాలితో పీల్చుకోవడానికి ఆ సందు. కోరలు విరిగి, ముక్కు మీద తాడు చిల్లు ఉంటే మాత్రం అది ఆడించిన ఎలుగు. అలాంటివి చూడాలంటే బెంగళూరు పక్క బన్నేరుఘట్టలో ఎలుగుల రెస్క్యూ సెంటర్ ఉంది, ముందే మాట్లాడుకుని వెళ్లాలి. ఒక రాత్రి ప్రయాణంతో తేలే పని కాదు గానీ.

అలుగు మీద ఆశ వదులుకోండి. చీమలు, చెదలు తప్ప తినదు, బందీగా బతకడం కష్టం. దొరికినది తొందరగా అడవికి పోవడమే దానికి మేలు. కనిపించకపోతే సంతోషించాలి.

కృష్ణలంక_సైన్సు
డిసెంబరులో హైదరాబాద్, మార్చిలో ఒక ఆదివారం తెల్లవారుజాము సూర్యలంక. ఉప్పలపాడు ఒక సాయంత్రం. ఉత్తరం ఎలా రాయాలి?

జూపక్కవీధి
జూకైతే క్యూరేటర్ పేరుతో, తాబేళ్లకైతే జిల్లా అటవీ అధికారికి, బడి లెటర్‌హెడ్ మీద, హెడ్మాస్టర్ సంతకంతో. ఒక్క పేజీ చాలు. పిల్లల సంఖ్య, తరగతి, వెంట వచ్చే పెద్దల సంఖ్య, తేదీ, కుదరకపోతే ఇంకో తేదీ, ఒక ఫోన్ నంబరు. అన్నిటికంటే ముఖ్యం, ఏం కావాలో తేల్చి రాయండి: 'కీపర్‌తో అరగంట మాట్లాడించగలరా' అని. 'జంతువుల్ని దగ్గరగా చూపించండి' అని రాస్తే పక్కన పడేస్తారు. మూడు వారాలు ముందు పంపండి, వారం ముందు ఫోన్ చేసి గుర్తుచేయండి. జవాబు రాకపోవడం అంటే అనుమతి వచ్చినట్టు కాదు.

జలుబు, దగ్గు ఉన్న పిల్లల్ని కోతుల వైపు తీసుకెళ్లొద్దు, మన జలుబు వాటికి అంటుతుంది. ఇంట్లో కోళ్లఫారం ఉన్న పిల్లలు కడిగిన చెప్పులతో రావాలి. గేటు దగ్గర ఊదారంగు నీళ్ల తొట్టి ఉంటే అది పొటాషియం పర్మాంగనేట్, దూకి దాటకుండా అందులో కాళ్లు పెట్టి నడవమనండి. చిప్స్ పొట్లాలు బస్సులోనే వదిలేయాలి. జంతువులకి తిండి వేయడం, రెచ్చగొట్టడం చట్టంలో 38జె సెక్షన్ కింద నేరం.

సాగర్‌నగర్_గేటు
ఒకే దారిలో ఎనిమిది అంకెలా అదేపనిగా తిరిగే జంతువు కనిపిస్తే 'డాన్స్ చేస్తోంది' అని నవ్వనివ్వకండి. బోను విసుగుకి వచ్చే అలవాటు అది. ఏ పూట ఎక్కువగా తిరుగుతోందో, మేత వేళ ముందా తర్వాతా అని కీపర్ని అడగమనండి. మేత ముందైతే ఆకలి, ఎదురుచూపు కావచ్చు. రోజంతా అయితే వేరే సంగతి.

పెదకాకాని_కొంగ
క్రిస్మస్ సెలవుల వారం మాత్రం పెట్టుకోకండి మాస్టారూ. ఆ జనంలో నిశాచర గృహంలో పది నిమిషాలు నిలబడనివ్వరు.

కృష్ణలంక_సైన్సు
డిసెంబరు మొదటి వారం, బుధవారం. ఉత్తరం ఈ రాత్రే రాస్తున్నా.