గలిజేరు, అటికమామిడి, పునర్నవ: మూడు పేర్లు, ఎన్ని మొక్కలు?

పొదరిల్లు (హన్మకొండ):
వాట్సాప్‌లో ఒక చిట్కా తిరుగుతోంది. "గలిజేరు సమూలంగా తెచ్చి, కచ్చాపచ్చాగా దంచి, ఎనిమిదో వంతు కషాయం కాచి పరగడుపున తాగితే కాళ్ల వాపులు తీస్తాయి" అని. ఇందులో మూడు మాటలు నాకు తేలడం లేదు. మన దగ్గర వానాకాలం కూరకు తెంపే దళసరి ఆకు మొక్కను గలిజేరు అంటారు. మూలికల దుకాణంలో గలిజేరు అడిగితే మాత్రం పునర్నవ అని ఎండు వేర్లు పొట్లం కట్టిస్తారు. రెండూ ఒకటేనా? సమూలం అంటే వేరు ఒక్కటేనా, వేరుతో సహానా? ఎనిమిదో వంతు అంటే ఎనిమిదో వంతు తగ్గాలనా, మిగలాలనా?

శబ్దచెలిమె:
రెండోది తేలిక. స + మూలం, వేరుతో కూడినది అని. వేరు, కాడ, ఆకు, పువ్వు, కాయ ఏదీ వదలకుండా మొక్కకు మొక్క. "సమూలంగా పెకిలించారు" అన్నప్పుడు కూడా వేరు ఒక్కటే తీశారని కాదు కదా. వేరు మాత్రమే కావాలంటే వైద్య గ్రంథాలు "మూలం" అని ఊరుకుంటాయి. పంచాంగం అన్నా ఇదే లెక్క, కాకపోతే చెట్ల విషయంలో ఆ ఐదింటిలో బెరడు కూడా చేరుతుంది.

మూడోది: మిగలాలి. అష్టావశేషం అన్న మాటను తెలుగు చేసేటప్పుడు "అవశేషం" రాలిపోయి ఉత్త "ఎనిమిదో వంతు" మిగిలింది. చిట్కా రాసినాయన ఒక్క "మిగిలేలా" వేసి ఉంటే సరిపోయేది.

ఇక పునర్నవ. పునర్ + నవ, మళ్లీ కొత్తది. ఎండాకాలంలో పైమొక్క మాడిపోయి, తొలకరికి అదే వేరు నుంచి చిగురిస్తుంది. అమరకోశం దీనికి ఇచ్చిన పర్యాయం శోథఘ్ని, అంటే వాపును పోగొట్టేది. వర్షాభూ అని ఇంకో పేరుంది, వానకు పుట్టేది అని. అదే అమరకోశంలో వర్షాభూ అంటే కప్ప కూడా. ఏది గలిజేరో చెప్పడం మాత్రం నా పని కాదు, మొక్కలు తెలిసినవాళ్లు రావాలి.

చెల్కగట్టు (ములుగు రోడ్డు):
వచ్చిన. సూటిగ చెప్త. అవి రెండు వేరే మొక్కలు, చుట్టరికం కూడ దగ్గరిది కాదు. కూరకు తెంపేది ట్రయాంథిమా పోర్టులకాస్ట్రం. మందుల పునర్నవ బోయర్హావియా డిఫ్యూసా, దాని తెలుగు పేరు అటికమామిడి. చిక్కేందంటే మన జనం కూర మొక్కను గలిజేరు, తెల్ల గలిజేరు అంటరు, మందు మొక్కను ఎర్ర గలిజేరు అంటరు. ముందున్న రంగు జారిపోతే రెండూ ఉత్త గలిజేరే. పుస్తకాలల్ల కూడ ఈ గోల ఉన్నది, దుకాణాలల్ల పునర్నవ పేరుమీద ట్రయాంథిమా అమ్ముడు కొత్త కాదు.

ఆకు చూసి తేల్చొద్దు. రెండిటికీ ఆకులు ఎదురెదురుగనే వస్తయి, జతల ఒకటి పెద్దగ ఒకటి చిన్నగ ఉంటది, రెండూ నేలమీదనే పాకుతయి. పువ్వు, కాయ చూడాలె.

అటికమామిడి: పొడుగాటి సన్నని కాడల చివర గుత్తులుగ గులాబి రంగు పూలు, ఆవగింజ కన్న కొంచెం పెద్దగ. కాయ ఐదు అంచులతోని చిన్న గదలెక్క, జిగటగ ఉంటది. లుంగీకి, చీర అంచుకు పట్టుకుంటే ఇడవది. ఆకు అడుగుభాగం తెల్లగ పాలిపోయి ఉంటది. పీకితే వేరు లావుగ, లోతుకు పోయి ఉంటది, అంత తేలికగ రాదు.

గలిజేరు: పువ్వుకు కాడే లేదు. ఆకుతొడిమ మొదట్ల ఒక సంచి ఉంటది, పువ్వు అండ్లనే ఒంటిగ కూసుంటది. తెల్లగనో లేత గులాబిగనో పొద్దటిపూట కొంచెంసేపు విచ్చుకుంటది. ఆ సంచి చీలిస్తే నల్లటి, మూత్రపిండం ఆకారం గింజలు. కాడ, ఆకు కండగ, నీళ్లతోని నిండి ఉంటయి. ఏటేటా గింజ నుంచే మొలుస్తది, వేరు నుంచి మళ్ల చిగురించుడు దీనికి లేదు. అంటే పునర్నవ అన్న పేరు అర్థం దృష్ట్యా కూడ దీనికి నప్పదు.

ఇప్పుడు ఆ చిట్కా సంగతి. గలిజేరు వేరుకు గట్టి భేదిగుణం ఉన్నది. అటికమామిడికి రాసిన "సమూలంగా" అన్న మాటను కూర గలిజేరుకు అంటగడితే వాపు సంగతి దేవుడెరుగు, కడుపు కొట్టుకపోతది. గర్భిణులు ఆ వేరు జోలికే పోవద్దు.

పొదరిల్లు:
అన్నా, మంచిగ చెప్పినవ్. కానీ ఎర్ర గలిజేరు అంటే కాడ ఎర్రగా ఉన్నది అనే కదా? వడ్డేపల్లి వైపు ఖాళీ ప్లాట్లలో కాడ ఎర్రగా ఉన్నవి, పచ్చగా ఉన్నవి పక్కపక్కనే ఉంటాయి. ఎర్రవి అటికమామిడి అనుకోవచ్చా?

చెల్కగట్టు:
అనుకోవద్దు, దెబ్బ తినేది అక్కడ్నే. కూర గలిజేరులనే రెండు రకాలున్నయి. ఒకదానికి కాడ, ఆకు అంచు ఎర్రగ ఉండి పువ్వు గులాబి. ఇంకోదానికి అంతా పచ్చగ, పువ్వు తెలుపు. అటికమామిడి కాడ కూడ ఎర్రదనమే. రంగు పేరుతోని మొక్కను పట్టుడు ఈ రెండిటి కాడ పనిచెయ్యది.

మూడోది కూడ ఒకటి తిరుగుతది: బోయర్హావియా ఎరెక్టా. రోడ్డు పక్కల, గోడల మొదట్ల మస్తుగుంటది. పాకదు, నిలువుగ లేస్తది. కాయకు జిగట ఉండది, పైకొన కత్తిరించినట్టు చదునుగ ఉంటది. తెలిసినోళ్లే దీన్ని అటికమామిడి అని పీకుతరు. కాయను రెండు వేళ్ల నడుమ నలిపి చూస్తే సరి, అంటుకోకపోతే అది కాదు.

ఇంకొక్క పరీక్ష, ఏ నేలమొక్కకైనా: కాడ తుంచంగనే పాలు కారితే పక్కన పడెయ్యాలె. నానబాలు జాతి మొక్కలు కూడ ఇట్లనే నేలకు పరుచుకొని గలిజేరుల, గంగవాయిలిల, నేల ఉసిరిల కలిసిపోతయి. గలిజేరు, గంగవాయిలి, నేల ఉసిరి, ఈ మూడిటిల దేనికీ పాలు లేవు.

శబ్దచెలిమె:
గంగవాయిలి మాట వచ్చింది కాబట్టి ఒక సరదా సంగతి. లాటిన్‌లో గంగవాయిలి పోర్టులకా. పోర్టులకాస్ట్రం అంటే పోర్టులకాను కొంచెం పోలినది అని, -అస్ట్రం ప్రత్యయంలో "అసలుది కాదు, దానిలాంటిది" అన్న చిన్నచూపు ఉంటుంది. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ పేరు పెట్టేటప్పుడే పోలిక గురించి హెచ్చరించినట్టయింది. బోయర్హావియా అన్నది డచ్చి వైద్యుడు బోయర్హావ్ పేరు మీద వచ్చింది.

తమిళులు ఈ రెండిటినీ కలపలేదు. అటికమామిడి వాళ్లకు మూక్కిరట్టై, కూర గలిజేరు శారణై. మన దగ్గర అటికమామిడి అన్న విడి పేరు ఉండి కూడా వాడకంలో వెనకబడింది. మామిడితో దానికి ఏ సంబంధమూ లేదు. అయినా మొక్కల పేర్లలో చుట్టరికాన్ని నమ్మడానికి లేదు: నేలవేముకు వేపతో ఉన్నది చేదు ఒక్కటే, నేల ఉసిరి మాత్రం నిజంగానే ఉసిరి ప్రజాతిదే. రాసేటప్పుడు మందుకు అటికమామిడి, కూరకు గలిజేరు అని ఖరారు చేసుకుంటే తెల్ల-ఎర్ర గొడవ ఉండదని నా అభిప్రాయం.

అంగడికూర (కాజీపేట):
అభిప్రాయాలు మీరు తేల్చుకోండి సార్, కూర సంగతి నేను చెప్తాను. గలిజేరు పూతకు రాకముందు, కొసలు మాత్రం, రెండు మూడు అంగుళాల పొడవు తుంచాలి. ముదిరితే నమిలినప్పుడు గొంతు గీరినట్టు ఉంటుంది, ఎక్కువ తింటే కడుపు జారుతుంది. కారణం ఆక్సలేట్లు అనే లవణాలు. పాలకూరలో ఉన్నవే, దీనిలోనూ ఎక్కువే.

పావుకిలో కొసలకు లీటరు నీళ్లు తెర్ల కాగాక ఆకు వేసి ఐదు నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి పిండాలి. చాలామంది సారం పోతుందని ఆ నీళ్లను పప్పులో కలుపుతారు. కరిగే ఆక్సలేట్లు పోయేది ఆ నీళ్లతోనే, అందుకే పారబోయమనేది. ఒక గ్లాసు పెసరపప్పు పలుకు మీద ఉడికించి, పిండిన ఆకు, అర చెంచా పసుపు వేసి దగ్గరపడ్డాక ఎల్లిగడ్డ ఐదారు రెబ్బలు, జీలకర్ర, ఎండు మిరపకాయలతో పోపు. పులుపు కావాలంటే కొంచెం చింతపండు చాలు. పుంటికూర కలపొద్దు, అది కూడా ఆక్సలేట్ల ఆకే. పెరుగన్నంతో ముగిస్తే మంచిది. పెరుగులోని కాల్షియం కొంత ఆక్సలేట్‌ను కడుపులోనే పట్టేస్తుంది. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు ఈ కూర మానుకోవాలి.

పావుకిలో ఆకు ఉడికితే పిడికెడు అవుతుంది, చూసి బెంగపడొద్దు.

కల్వం (వరంగల్):
కషాయం లెక్కలో చాలామంది తప్పుతారు కాబట్టి కొంచెం వివరంగా. శార్ఙ్గధర సంహిత అనే ఆయుర్వేద గ్రంథం లెక్క ప్రకారం మందుకు పదహారు రెట్ల నీళ్లు, ఎనిమిదో వంతు మిగలాలి. ఎండిన అటికమామిడి 10 గ్రాములకు నీళ్లు 160 మిల్లీలీటర్లు, మిగిలేది 20. నాలుగో వంతు మిగిల్చే పద్ధతి కూడా ఉంది, అప్పుడు 40. మెత్తని మూలికలకు నాలుగు రెట్లు, మధ్యస్థం వాటికి ఎనిమిది రెట్ల నీళ్లు చాలంటారు. ఈ కొలతలు కషాయం కాచడానికే. ఎవరు ఎంత తాగాలన్నది వైద్యుడు చెప్పాలి.

కచ్చాపచ్చాగా అన్న మాట ఊరికే పెట్టలేదు. మెత్తటి పొడి చేస్తే నీళ్లలో గంజిలా చిక్కబడి అడుగంటుతుంది, వడపోత బట్ట మూసుకుపోతుంది, మరిగినట్టు కనిపిస్తుంది కానీ సారం దిగదు. రవ్వకన్నా ముతకగా ఉండాలి. మూత పెట్టకుండా, సన్నని సెగ మీద, స్టీలు గిన్నెలో గానీ మట్టి పాత్రలో గానీ కాచాలి. అల్యూమినియం వద్దు. నీళ్ల మట్టం గుర్తుకు ఒక పుల్లను గిన్నెలో నిలబెట్టి గీత పెట్టుకుంటే ఎనిమిదో వంతు కంటితో తేలుతుంది. అడుగు ఇరుకుగా ఉన్న గిన్నెలో ఇది కుదరదు, నిలువు గోడల గిన్నె కావాలి. పొద్దున కాచింది సాయంత్రానికి పారబోయాలి. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వేడిచేయడం కషాయం కాదు.

వేరును నిలువునా చీల్చి నీడన ఆరబెట్టాలి. గుండ్రంగా అలాగే వదిలేస్తే పైన ఎండి లోపల బూజు పడుతుంది. వేరు విరిచినప్పుడు టక్కుమనాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టు.

అటికమామిడి మూత్రం జారీ చేసే మందు, పొటాషియం లవణాలు కూడా ఎక్కువ. బీపీకి, గుండెకు నీటి మాత్రలు వాడేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు దీన్ని సొంతంగా మొదలుపెట్టొద్దు. కాళ్ల వాపు గుండె నుంచి వచ్చిందా, కిడ్నీ నుంచా, కాలేయం నుంచా అన్నది మొక్కకు తెలియదు. వైద్యులు కూడా దీన్ని ఒంటిగా ఇవ్వడం తక్కువే. పునర్నవాష్టకం అనే కషాయంలో వేప, చేదుపొట్ల, శొంఠి, కటుకరోహిణి, తిప్పతీగ, మానుపసుపు, కరక్కాయతో కలిపి ఎనిమిదిలో ఒకటిగా ఉంటుంది.

పొదరిల్లు:
ఇంత తెలిశాక చిట్కాను ఫార్వర్డ్ చేయను గానీ, కూరకైనా వద్దామంటే ఊళ్లో ఎక్కడ తెంపాలి? భద్రకాళి కట్ట కింద మస్తు కనిపిస్తది.

చెల్కగట్టు:
కనిపించినకాడల్ల తెంపొద్దు. మోరీల ఒడ్డుకు పెరిగిన ఆకు సీసం, కాడ్మియం లాంటివి లోపలికి గుంజుకుంటది, ఉప్పునీళ్లతోని ఎన్నిసార్లు కడిగినా అవి పోవు. కడిగితే పోయేది మట్టీ, పురుగే. రైలు పట్టాల పక్కన, పత్తి చేను గట్టుమీద గడ్డిమందు కొడతరు. చుట్టూ గడ్డి ఒక వరసల పసుపుబారి ఉంటే ఆ తావునుంచి ఏదీ ముట్టొద్దు. రోడ్డుకు దూరంగ, వాననీళ్లు నిలవని, మందు కొట్టని ప్లాటు చూసుకోవాలె. ఓనర్‌ను అడుగుడు మర్చిపోవద్దు.

అన్నిటికన్న తేలిక దారి: పూతకొచ్చిన గలిజేరు మొక్కల కింద మట్టి ఒక డబ్బాడు తెచ్చి, మిద్దెమీద వెడల్పు తొట్టిల పోసి నీళ్లు చల్లాలె. అండ్ల నల్లగింజలు రాలే ఉంటయి, వాటంతట అవే మొలుస్తయి. అటికమామిడి కావాలంటే లోతు తొట్టి కావాలె, కనీసం అడుగున్నర, లేకుంటే వేరు చుట్టుకపోయి సన్నబడ్తది. మొక్క మీద అనుమానముంటే పూలు, కాయలు ఉన్న కొమ్మను కాయితంల చుట్టి అనంతలక్ష్మి ఆయుర్వేద కళాశాలలనో, కాకతీయ యూనివర్సిటీ వృక్షశాస్త్రం వాళ్లనో అడగొచ్చు. ఉత్త ఆకు కొంచబోతే వాళ్లు కూడ ఏం చెప్పలేరు.

అంగడికూర:
తొట్టిలో గలిజేరు వేసినవాళ్లు కాయ పండకముందే కోసేయండి. ఒక్కసారి గింజ రాలిందంటే మిద్దెమీద ఉన్న తొట్లన్నీ దానివే.