ఆర్కిటెక్ట్ మాటలో దాక్కున్న వడ్లాయన

అందరికీ నమస్కారం. తొలినాటి గ్రీకు గుడుల మీద ఒక పాఠాన్ని తెలుగు చేస్తూ 'ఆర్కిటెక్ట్' దగ్గర ఆగిపోయాను. వాస్తుశిల్పి అని రాస్తే మనవాళ్లకి ఈశాన్యం మూల, వంటగది దిక్కు గుర్తొస్తాయి. స్థపతి అంటే మరీ బరువుగా ఉంది. గుడి స్తంభాల పైన, కప్పు కింద వరసగా వచ్చే పలకల్లో నిలువు గాట్లున్నదాన్ని ట్రైగ్లిఫ్ అనీ, రెండు ట్రైగ్లిఫ్‌ల మధ్యదాన్ని మెటోప్ అనీ అంటారు, ఇవి ఇంకో రెండు మాటలు. వాటికి తెలుగులో ఏమన్నా ఉన్నాయా, లేక అలాగే ఉంచేయమంటారా?

——

వాస్తుశిల్పి పత్రికల్లో ఎప్పుడో కుదురుకుంది. దాన్ని కదపకండి. మిగతా రెండూ అలాగే రాసి పక్కన బొమ్మ పెట్టేస్తే సరి.

——

బొమ్మ పెడితే సరే గానీ, పైనున్న మిత్రులు అంత తేలిగ్గా తేల్చేయడం నాకు నచ్చలేదు. ఆర్కిటెక్ట్ మాటను విప్పి చూస్తే భలేగా ఉంటుంది.

గ్రీకులో 'అర్ఖి' అంటే పెద్ద, ముఖ్యుడు. ఆర్చిబిషప్‌లో ఉన్నదీ అదే. 'టెక్టోన్' అంటే మొదట్లో వడ్రంగి. అంటే ఆర్కిటెక్ట్ అసలు అర్థం పెద్ద వడ్లాయన. ఈ టెక్టోన్‌కి సంస్కృతంలో స్వయానా చుట్టం ఉంది: తక్షన్. తక్ష్ అంటే చెక్కడం, నరకడం. మనకి తక్షకుడంటే పరీక్షిత్తును కాటేసిన పామే గుర్తొస్తుంది గానీ ఆ మాటకి వడ్రంగి అనే అర్థమూ ఉంది. అమరకోశంలో 'తక్షా తు వర్ధకిస్త్వష్టా' అని ఒకే వరసలో చెప్పేశాడు. ఆ వర్ధకి నుంచి వచ్చిందే మన వడ్రంగి. గ్రీకువాడి టెక్టోన్‌కి చుట్టమూ, మన వడ్రంగికి మూలమూ ఒకే పాదంలో పక్కపక్కన కూర్చున్నాయి!

ఇంకోటి. మత్తయి సువార్తలో 'ఇతడు వడ్లవాని కుమారుడు కాడా?' అన్న చోట గ్రీకు మూలంలో ఉన్నది టెక్టోన్ మాటే. అంటే దానికి తెలుగు ఎప్పుడో జరిగిపోయింది.

——

అయితే 'తక్షణం' కూడా ఇందులోంచే వచ్చిందా అండీ?

——

కాదు. వెంటనే అనే తక్షణం తత్+క్షణం నుంచి వచ్చింది. చెక్కడం అనే అర్థంలో ఇంకో తక్షణం సంస్కృతంలో ఉంది. చూడ్డానికి కవలలు, ఇంటిపేర్లు వేరు.

——

మా నాన్న వడ్రంగి పని చేసేవారు. ట్రైగ్లిఫ్ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు మా పాత పెంకుటిల్లే కళ్ల ముందు మెదిలింది. దూలం మొన గోడ దాటి బయటికొస్తుంది, దాని మీద ఉలితో గాట్లు పెడతారు. ట్రైగ్లిఫ్ అంటే అక్షరాలా 'మూడు గాట్లు'. మెటోప్ అంటే 'ఓపె'ల మధ్య జాగా. దూలం ఒదిగే తొర్రని గ్రీకులు ఓపె అంటారనీ, తమవాళ్లు ఆ తొర్రల్ని పావురాల గూళ్లు అంటారనీ క్రీ.పూ. 1వ శతాబ్దంలో రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాశాడు. వడ్రంగులు దూలం మొనలు కోసేసి, కోసిన చోటు కనపడకుండా పలకలు కొట్టి నీలం మైనం పూసేవారనీ, రాతి గుడుల మీద ఉన్నది ఆ పలకల రూపమేననీ ఆయన మాట. ట్రైగ్లిఫ్ కింద వరసగా ఆరు చిన్న రాతి బుడిపెలు ఉంటాయి. వాటిని 'చుక్కలు' అని పిలుస్తారు. నాకు మాత్రం అవి కొయ్య చీలల్లాగే కనిపిస్తాయి.

గ్రీసులోని ఒలింపియాలో హేరా దేవత గుడి క్రీ.పూ. 600 ప్రాంతంది. పొడుగు వైపు 16, వెడల్పు వైపు 6 స్తంభాలు. ఒక్కో స్తంభం తల ఒక్కో తీరు. కొయ్య స్తంభాలు పాడైనకొద్దీ వేర్వేరు కాలాల్లో ఒక్కోటీ తీసి రాతివి పెట్టారని చాలామంది పండితులు అంటారు. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు యాత్రికుడు పౌసానియస్ వెళ్లేసరికి కూడా వెనక గదిలో ఓక్ చెక్క స్తంభం ఒకటి మిగిలే ఉంది. ఏడెనిమిది వందల ఏళ్ల పాటు అన్నీ మార్చి, ఆ ఒక్కదాన్ని ఎందుకు వదిలేశారో!

——

బావుంది గానీ ఒక పేచీ. దూలాలు ఇంటికి అడ్డంగా వేస్తారు, కాబట్టి మొనలు రెండు వైపులే రావాలి. ట్రైగ్లిఫ్‌లు గుడికి నాలుగు వైపులా ఉంటాయి. పైగా రాతి గుళ్లలో పైకప్పు దూలాలు ఆ వరస కంటే ఎత్తులో ఉంటాయి. విట్రూవియస్ చెప్పింది గుళ్లు కట్టిన చాలా శతాబ్దాల తర్వాత. అందుకే ఇవి కేవలం అలంకారమని వాదించేవాళ్లూ ఉన్నారు. పాఠంలో 'దూలం మొన' అని రాస్తే ఒక పక్షం తీర్పు మీరే ఇచ్చేసినట్టు అవుతుంది.

——

ఈ పేచీ న్యాయమే. కొయ్యని రాతిలో దింపడం మాత్రం కొత్త సంగతి కాదు. ఏలూరు జిల్లా గుంటుపల్లి గుహల్లో గుండ్రటి చైత్యంలోకి, అంటే బౌద్ధుల ప్రార్థన గుహలోకి వెళ్లి తలెత్తి చూడండి. రాతి కప్పులో వాసాలు చెక్కారు, గుడిసెలో ఉన్నట్టే. అవి మోసే బరువేమీ లేదు. గ్రీకులకీ దానికీ సంబంధం ఉందనడం లేదు, వడ్రంగి అలవాటు రాయిలోకి వచ్చాక కూడా పోదని అంటున్నా.

——

అడిగిందానికంటే ఎక్కువే దొరికింది, అందరికీ థాంక్స్. ట్రైగ్లిఫ్‌ని 'మూడుగాట్ల పలక' అంటాను, దూలం మాట వివరణలోకి పోతుంది, పేచీతో సహా. మెటోప్‌కి 'నడిమి పలక'. ఆర్కిటెక్ట్‌ని మొదటిసారి వచ్చినచోట 'పెద్ద వడ్రంగి' అని విప్పి చెప్పి, తర్వాత వాస్తుశిల్పి అనే వాడతాను. ఇక స్తంభం మీద నిలువు గాడులకి ఏమంటారో ఆ వడ్రంగి గారబ్బాయే చెప్పాలి.

——

అబ్బాయి కాదండీ, అమ్మాయిని. మా నాన్న 'జాలు' అనేవారు.