లువా స్క్రిప్ట్‌లో తప్పుంటే ఆండ్రాయిడ్ యాప్ మొత్తం మూతపడుతోంది

ప్రశ్న:
బిల్లింగ్ యాప్. ఒకే సీ++ కోర్‌ని ఆండ్రాయిడ్, ఐఓఎస్, విండోస్ మూడింట్లోనూ వాడుతున్నాం. డిస్కౌంట్ లెక్కలు లువా (యాపుల్లో ఇమిడ్చి వాడే చిన్న స్క్రిప్టు భాష) 5.4 స్క్రిప్టుల్లో ఉన్నాయి. స్క్రిప్ట్‌లో ఎక్కడైనా నిల్‌ని (విలువే లేదనే గుర్తు) కూడితే చాలు, ఆండ్రాయిడ్‌లో యాప్ ఠక్కున పోతోంది. లాగ్‌క్యాట్‌లో (ఆండ్రాయిడ్ లాగ్) సిగ్‌అబర్ట్ (ప్రోగ్రాం తనను తానే ఆపేసుకుందనే సిగ్నల్) తప్ప లువా సందేశమేదీ కనబడదు. తప్పుల్లేని స్క్రిప్టులు కూడా చాలాసేపు నడిచాక కూలుతున్నాయి. లువా ఫంక్షన్లను సీ++ నుంచి లువా_కాల్‌తోనే పిలుస్తున్నాం. ఐఓఎస్‌లో వేగం కోసం లువాజిట్‌కి (లువాని వేగంగా నడిపే వేరే రూపం) మారొచ్చా?

జవాబు 1:
లువా_కాల్ దగ్గరే ఉందండీ తిరకాసు. పట్టుకునేవాళ్లు లేని ఎర్రర్ పానిక్ ఫంక్షన్‌కి (లువా చివరిగా పిలిచేది) వెళ్తుంది, ఆ వెంటనే అబార్ట్, అంటే యాప్ మూత. పానిక్ సందేశం ఎస్‌టీడీఎర్ర్‌కి (ఎర్రర్లు అచ్చయ్యే దారి) పోతుంది. ఆండ్రాయిడ్ యాపుల్లో దాన్ని చూసే దిక్కు లేదు, అందుకే లాగ్‌లో ఏమీ రాలేదు. దాని బదులు ఎర్రర్‌ని పట్టుకునే లువా_పీకాల్ వాడండి. ఫంక్షన్‌కంటే ముందు ఒక హ్యాండ్లర్‌ని (ఎర్రర్ వస్తే నడిచే ఫంక్షన్) స్టాక్‌లో (సీ++, లువా విలువలు ఇచ్చిపుచ్చుకునే దొంతర) పెట్టి, అందులో లువాఎల్_ట్రేస్‌బ్యాక్ పిలిస్తే లైన్ నంబరుతో సహా దొరుకుతుంది.

రెండోది, అంటే చాలాసేపు నడిచాక కూలడం, స్టాక్ లీక్ (తీయని విలువలు పేరుకోవడం) వల్ల అయ్యుంటుంది. ప్రతి పిలుపుకీ ముందూ వెనకా లువా_గెట్‌టాప్ (స్టాక్‌లో ఎన్ని విలువలున్నాయో చెప్పేది) అచ్చు వేయండి. 0, 1, 2, 3 అని పెరుగుతుంటే ఫలితాన్ని తీసుకున్నాక దాన్ని స్టాక్‌లోంచి తీసేసే లువా_పాప్ మరిచిపోయినట్టే. పీకాల్ విఫలమైనా ఎర్రర్ సందేశం స్టాక్ మీదే ఉంటుంది, దాన్నీ తీసేయాలి. లువా హామీ ఇచ్చేది 20 ఖాళీ గళ్లే. అవి దాటి తోస్తే మెమొరీ పాడవుతుంది, ఎప్పుడు కూలుతుందో చెప్పలేం.

జవాబు 2:
పై మాటకి ఒకటి కలపాలి. సీగా కంపైల్ చేసిన లువా ఎర్రర్ వస్తే లాంగ్‌జంప్ (మధ్యలోని ఫంక్షన్లను వదిలేసి వెనక్కి దూకడం) చేస్తుంది. మీ సీ++ ఫంక్షన్‌లో స్ట్రింగ్, లాక్ ఉంటే వాటి డిస్ట్రక్టర్లు (చివర్లో శుభ్రం చేసే కోడ్) నడవవు; లాక్ అలాగే పడి ఉంటుంది. లువా ఫైళ్లను సీ++గా కంపైల్ చేస్తే ఎర్రర్లు సీ++ ఎక్సెప్షన్లుగా వస్తాయి, డిస్ట్రక్టర్లూ నడుస్తాయి. అప్పుడు లువా.హెచ్‌పీపీ (లువాని సీ కోడ్‌గా చూపే హెడర్) వద్దు, హెడర్లను నేరుగా ఇంక్లూడ్ చేయండి. లువా.సీ, లువాక్.సీ రెండింటినీ బిల్డ్‌లోంచి తీసేయండి, వాటిలో మెయిన్ (ప్రోగ్రాం మొదలయ్యే ఫంక్షన్) ఉంది.

ప్రశ్న అడిగినవారు:
పీకాల్ పెట్టగానే "అటెంప్ట్ టు పర్‌ఫార్మ్ అరిథ్‌మెటిక్ ఆన్ ఎ నిల్ వాల్యూ" అని లైన్‌తో సహా వచ్చిందండీ. గెట్‌టాప్ పిలుపుకి ఒకటి చొప్పున పెరుగుతోంది. పాప్ లేదు నిజమే.

జవాబు 3:
లువాజిట్ వద్దు. ఐఓఎస్ మామూలు యాపులకి జిట్‌ని (నడుస్తుండగానే మెషిన్ కోడ్ తయారుచేయడం) అనుమతించదు కాబట్టి లువాజిట్ ఇంటర్‌ప్రెటర్‌గానే (ఆదేశాలను ఒక్కొక్కటిగా చదివి నడిపేది) నడుస్తుంది. పైగా అది లువా 5.1 భాష, 5.4లోని 64 బిట్ పూర్ణాంకాలు, // గుర్తు (భాగించి కింది పూర్ణాంకానికి దించేది) పోతాయి. డబ్బు లెక్కకి అవే కావాలి: మొత్తాన్ని పైసల్లో పూర్ణాంకంగా ఉంచి // తో భాగించండి. / వాడితే ఫలితం ఎప్పుడూ ఫ్లోటే (దశాంశ సంఖ్య).