కంపోస్టు డ్రమ్ములో పురుగులు: ఉంచాలా, పారబోయాలా?

మా అపార్ట్‌మెంట్‌లో ఐదు కుటుంబాలం కలిసి మేడ మీద కూరగాయలు పెంచుతున్నాం. వంటింటి చెత్తంతా ఒకే డ్రమ్ములో వేసి కంపోస్టు చేస్తున్నాం. రెండు నెలలు బాగానే నడిచింది. పది రోజులుగా మూత తీస్తే చాలు, కుళ్లిన గుడ్ల వాసన. పిడికెడు తీసి పిండితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. లోపల చదునుగా, గోధుమ రంగులో పురుగులు లుకలుకలాడుతున్నాయి.

ఎండుటాకులు తక్కువయ్యాయని నా అనుమానం. కార్బన్ (ఎండుటాకుల్లో ఎక్కువ), నైట్రోజన్ (తడి చెత్తలో ఎక్కువ) 30:1 పాళ్లలో ఉండాలంటారు గానీ, బకెట్ల లెక్కలో అదెంత? తడి చెత్త ఒక బకెట్‌కు ఎండుటాకులు రెండు బకెట్లు సరిపోతాయా? అట్టముక్కలు చింపి వేయొచ్చా? డ్రమ్ముకు అడుగున ఒక్క రంధ్రమే ఉంది, పక్కల లేవు.

ఆ పురుగులు బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాలు (పిల్ల పురుగులు), మేలే చేస్తాయని నేను. మొత్తం పారబోద్దామని పక్కింటావిడ. (వాసన ముందు తగిలేది ఆవిడకే, అది ఒప్పుకోవాలి.) ఇంకోటి, అడుగున కారిన నీళ్లు అలాగే ఒక వంగ మొక్కకు పోస్తే ఆకుల అంచులు మాడిపోయాయి. ఎంత పలచన చేయాలి, లేక అసలు పోయకూడదా? ఆదివారం అందరం కూర్చుంటున్నాం, ఈలోపు చెప్తే బాగుంటుంది.