లీటరు పెట్రోల్ 119.49లో ఢిల్లీకెంత, హైదరాబాద్‌కెంత?

మలక్‌పేట రెప్ (2022 మే 2)

నేను మెడికల్ రెప్‌ని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా రోజూ డాక్టర్ల చుట్టూ తిరుగుడే, వారానికోసారి ఇబ్రహీంపట్నం ఎక్స్-స్టేషన్, అంటే ఊరు దాటి వెళ్లి అదే రోజు తిరిగి రావడం. బండి ఖర్చుకు కంపెనీ కిలోమీటరుకు రెండున్నర రూపాయలు ఇస్తుంది. ఆ రేటు పెట్టింది 2018లో, పెట్రోల్ 80 చుట్టుపక్కల ఉన్నప్పుడు. నా బండి లీటరుకు 48 ఇస్తుంది. ఇవాళ్టి 119.49ని 48తో భాగించాను, 2.49 వచ్చింది. అంటే కిలోమీటరుకు నాకు మిగిలేది ఒక పైసా. ఇంజిన్ ఆయిలు, చెయిన్, టైరు, పంక్చరు అన్నీ ఆ పైసాలోనే.

డాక్టర్ విజిట్లు రాసుకునే డైరీ చివరి పేజీలో ప్రతి ఫిల్లింగూ రాస్తాను. గత దీపావళి నుంచి మార్చి 21 దాకా 108.20, 108.20, ఒకటే అంకె. యూపీ ఎన్నికల ఫలితాలు వచ్చింది మార్చి 10న. 22 నుంచి పొద్దున లేస్తే 90 పైసలు పెరుగుడే. ఏప్రిల్ 6కి ఈ 119.49కొచ్చి ఆగింది.

నిన్న ఆదివారం సైదాబాద్‌లో మామయ్య వాళ్లింట్లో భోజనం. మొన్న బుధవారం ప్రధాని తెలంగాణ పేరు కూడా చెప్పి వ్యాట్ (రాష్ట్రం వేసే పన్ను) తగ్గించమన్నారు కదా, అదే రోజు టీఆర్ఎస్ ప్లీనరీలో కేసీఆర్ మీ పన్నులు మీరు తగ్గించుకోండి అన్నారు. ఆ రెండు మాటలూ మాంసం కూర మీదుగా మళ్లీ జరిగాయి. మామయ్య రిటైర్డ్ టీచరు, గులాబీ. మా బావమరిది కాషాయం. "దోచేది ఢిల్లీనే" అని ఈయన, "సగం మీ కేసీఆర్ జేబులోకే" అని వాడు. మా ఆవిడ మాత్రం "సిలిండర్ 1,002 అయింది, దాని గురించి ఎవరూ అరవరేం" అని గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఎవరి పార్టీ మాటా వద్దు. లీటరులో ఎవరికెంత పోతుందో తెలిసినవాళ్లు లెక్క చెప్పండి.

పన్నుల పంతులు

నేను అకౌంట్స్ మనిషిని, చెబుతాను. కేంద్రం ఎక్సైజ్ లీటరుకు 27.90, ధర పెరిగినా ఇది పెరగదు. రాష్ట్ర వ్యాట్ 35.2 శాతం, మీ 119.49లో అది సుమారు 31. డీలర్ కమీషన్ నాలుగు రూపాయల లోపు. మిగతాది క్రూడు (ముడి చమురు), రిఫైనరీ, ఆయిల్ కంపెనీ.

కాబట్టి ఇవాళ్టి బిల్లు వరకు, పన్నుల్లో సగం అన్న లెక్కన, మీ బావమరిది మాటే నెగ్గుతుంది. వ్యాట్ శాతం లెక్క కాబట్టి ధర పెరిగినప్పుడల్లా రాష్ట్రానికి దానంతటదే పెరుగుతుంది. ఆ 16 రోజుల్లో పెరిగిన 11.29లో దాదాపు 2.94 వ్యాటే. పైగా కేంద్రం వేసిన ఎక్సైజ్ మీద కూడా వ్యాట్ పడుతుంది, పన్ను మీద పన్ను. రాష్ట్రం పెంచలేదని మీ మామయ్య అంటే 2015 జనవరి గుర్తు చేయండి, 31 శాతాన్ని 35.2 చేసింది అప్పుడే.

ఇక బావమరిదికి. 2014లో ఎక్సైజ్ 9.48. 2020లో లాక్‌డౌన్‌లో క్రూడు నేల మీద పడితే, ఆ లాభం మనదాకా రానీయకుండా దాదాపు 33 చేశారు. దీపావళికి 5 తగ్గించాకే ఈ 27.90. ఇందులో రాష్ట్రాలకు పంచాల్సిన బేసిక్ ఎక్సైజ్ 1.40 మాత్రమే, మిగతాదంతా సెస్సులు, సర్‌చార్జీలు, పంపకంలోకి రావు. ఆ 1.40లో 41 శాతం, అంటే 57 పైసలు అన్ని రాష్ట్రాలకూ కలిపి. అందులో తెలంగాణ వాటా 2.1 శాతం. ఒక పైసా చిల్లర. మీకు కంపెనీ మిగిల్చేదీ అంతే కదా!

బంకు తమ్ముడు

ఉప్పల్ వైపు మా అన్న బంకులో నేనే ఉంటా. రేటు పొద్దున 6కి మిషన్‌లో మారిపోతుంది, మా చేతిలో ఏం ఉండదు. మార్చిలో రాత్రి పది దాటాక లైన్లు, రేపటి 90 పైసల కోసం అరగంట నిలబడేవాళ్లు. వందకు కొట్టమంటారు, మీటర్ మీద 0.84 కనిపిస్తుంది, లీటరు కూడా రాలేదేంటని మమ్మల్నే తిడతారు. ఇంకో సంగతి, దీపావళి ముందు రోజు సాయంత్రం తగ్గింపు ప్రకటించేసరికి మా ట్యాంకులు నిండుగా ఉన్నాయి. పాత రేటుకు కొన్నది కొత్త రేటుకు అమ్మాం. పండగ పూట అన్న మొహంలో నెత్తురు లేదు.

నల్గొండ క్రాస్‌రోడ్స్

మన కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో అంత గ్యాస్ ఉంది, గుజరాత్‌కు పైపు వేసి తీసుకుపోయారు. అది మనకే వాడితే ఈ బాధ ఉండేదా?

రిగ్గు తాతయ్య

నాయనా, నేను రాజమండ్రి వైపు చమురు బావులు తవ్వే రిగ్గుల మీద 26 ఏళ్లు చేసి ఇప్పుడు నాచారంలో కొడుకు దగ్గర ఉంటున్నాను. పైపు సంగతి నిజమే, కాకినాడ పక్క గాడిమొగ దగ్గర ఒడ్డుకు చేరి మన తెలంగాణ మీదుగానే గుజరాత్‌లోని భరూచ్ పోతుంది. కానీ అది గ్యాస్, నీ బండిలో పోసేది కాదు. ఆ బేసిన్‌లోని డీ6 బ్లాకులో 2009 ఏప్రిల్‌లో మొదలుపెట్టినప్పుడు రోజుకు 80 మిలియన్ క్యూబిక్ మీటర్లు తీస్తామన్నారు. 60 పైదాకా వెళ్లి, తర్వాత ఏడాదికేడాది దిగిపోయింది. భూమి లోపల ఇసుక, నీళ్లు మన ప్లాను చదివి రావు.

క్రూడు మరీ తక్కువ. దేశం మొత్తం తీసేది ఏడాదికి 30 మిలియన్ టన్నులు, వాడేది 200 పైన. పెద్ద చమురు క్షేత్రం ముంబై దగ్గర సముద్రంలోని బాంబే హై, దొరికింది 1974లో, అదీ ముసలిదైంది నాలాగే. అందుకే 85 శాతం బయటి నుంచే. యుద్ధం అక్కడ మొదలైతే మీటరు ఇక్కడ తిరుగుతుంది. ఏ పార్టీ వచ్చినా ఇక్కడ తవ్వకం పదేళ్ల పని, పన్ను తగ్గించడం ఒక్క రాత్రి పని. రెండోది అడగండి.

దిల్‌సుఖ్‌నగర్ మేడమ్

ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకోండి తమ్ముడూ. మన రాష్ట్రంలో మొదటి 2 లక్షల బండ్లకు రోడ్ టాక్స్ కూడా లేదు.

మలక్‌పేట రెప్

అక్కా, షోరూమ్ దాకా వెళ్లాను. ఈలోగా నిజామాబాద్‌లో ఇంట్లో బ్యాటరీ పేలి పెద్దాయన పోయాడు. మా ఆవిడ ఆ పాంప్లెట్ చించేసింది. బస్సులో అంటే టికెట్ మీద పెంచిన డీజిల్ సెస్ 2 రూపాయలే, కానీ రోజుకు పదకొండు మంది డాక్టర్లను బస్సులో ఎలా కలవను?

పంతులు గారి లెక్క వాట్సాప్‌లో ఇద్దరికీ పెట్టాను. "అది ఫైనాన్స్ కమిషన్ పంపకం బావా, దానికీ పెట్రోల్‌కీ సంబంధం లేదు" అని వాడు. 2.94 సంగతి అడిగితే మామయ్య వడ్ల కొనుగోళ్ల మీదకు వెళ్లిపోయారు. రిగ్గు తాతయ్య గారి చివరి మాట మాత్రం ఇద్దరికీ నచ్చింది. తగ్గించాల్సింది అవతలివాళ్లే అని ఇద్దరూ అనుకున్నారు.

మా మేనేజర్‌కు మెయిల్ కొట్టాను. సర్క్యులర్ వచ్చాక చూద్దాం అన్నాడు. రేపు ఇబ్రహీంపట్నం టూర్ ప్రోగ్రామ్ ఉంది. ఎల్బీనగర్‌లో ఇంకో కంపెనీ రెప్‌ను ఎక్కించుకుంటున్నాను, పెట్రోల్ చెరి సగం. అతను అమ్మేది నా గ్యాస్ట్రిక్ మాత్రకు పోటీ మాత్ర. డాక్టర్ క్లినిక్‌కు రెండు సందుల ముందే దిగిపోతానన్నాడు.