గాలి సోకిందన్న మనిషికి కౌన్సెలర్ ఏమని బదులివ్వాలి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

నేను కౌన్సెలర్‌ని. గత నెలలో, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం నుంచి ఒకామె వచ్చారు. భర్తకు రెండేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది. ఆమెకు నిద్ర పట్టదు, గుండె మీద బండ పెట్టినట్టు ఉంటుంది, పొద్దుగూకాక జీడితోటలోంచి వస్తుండగా తనకు గాలి సోకిందని గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను ఖండించలేదు. ఆ గాలి ఏ వేళ వస్తుంది, వచ్చినప్పుడు ఆమె ఏం చేస్తారు, ఎవరి దగ్గర కూర్చుంటే కాస్త నెమ్మదిస్తుంది అని అడిగాను. పదకొండేళ్లుగా పొదుపు సంఘం లెక్కలు ఆమే రాస్తున్నారనీ, 2018లో తిత్లీ తుపానుకు కొబ్బరి తోటలు కూలిపోయిన ఏడాది కూడా తమ సంఘంలో కిస్తీ తప్పనివ్వలేదనీ ఆ మాటల్లోనే బయటపడింది. మా చోట పనిచేసే ఒక పెద్దాయన ఇది విని, మూఢనమ్మకానికి పీట వేసి కూర్చోబెడుతున్నావని కోప్పడ్డారు.

అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన వ్యాధి నిర్ధారణ గ్రంథం ఐదవ కూర్పులోనే, రోగి తన బాధను తనవాళ్లకు ఏ మాటల్లో చెప్పుకుంటాడో తెలుసుకునే 16 ప్రశ్నల ఇంటర్వ్యూ ఉంది. జింబాబ్వేలో శిక్షణ పొందిన నానమ్మలు ఆరోగ్య కేంద్రం ఆవరణలో బల్ల మీద కూర్చుని, దిగులును షోనా భాషలో ‘ఆలోచన ఎక్కువైపోవడం’ అనే అర్థమిచ్చే మాటతోనే పలకరిస్తారు. ఆ పద్ధతి పనిచేసిందని 2016లో వెలువడిన అధ్యయన ఫలితాలు చూపాయి. మన పల్లెల్లోనూ ‘ఆలోచన ఎక్కువైపోయింది’ అనే కదా అంటారు. రోగి సంస్కృతితో, రోగిలోని బలంతో మొదలుపెట్టడం తప్పా అన్నదే నా ప్రశ్న.

పాత స్టెతస్కోపు (విజయనగరం)

అమ్మా, మీ మంచితనాన్ని శంకించను. అయితే ఆమెకు రక్త పరీక్ష చేయించారా? ఉద్దానం మనిషి, నీరసం, నిద్రలేమి, గుండె బరువు అంటున్నారు. రక్తహీనత ఉందో, థైరాయిడ్ ఉందో, భర్తకు వచ్చిన కిడ్నీ జబ్బే ఆమెకూ మొదలైందో చూడకుండా పొదుపు సంఘం గురించి ఎంతసేపు మాట్లాడినా ఏం లాభం? ఇది మొదటి మాట.

రెండవది ఇంకా కఠినమైనది. లేని మాటలు వినిపించే జబ్బులో మందు మొదలుకావడం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది. ఆ ఆలస్యం ఎక్కడ జరుగుతుందో నా ముప్పై ఏళ్ల సర్వీసులో చూశాను: తాయెత్తు దగ్గర, భూతవైద్యుడి గుమ్మం దగ్గర. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న, దర్గా మహిమతో నయమవుతుందని ఇంటివాళ్లు వదిలిపెట్టిపోయిన 28 మంది, గొలుసులతో కట్టేసి ఉండడం వల్ల పారిపోలేక కాలిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని 95వ సెక్షనులో నిషేధించింది. అక్కడ గొలుసు వేసిన చేతుల వెనక ఉన్నదీ సంస్కృతే. ఇక మన జిల్లాల్లో చిల్లంగి (చేతబడి) పెట్టిందన్న అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపిన సంగతి ఎవరికి తెలియదు? రోగి ‘ఫలానా ముసలమ్మ చేసింది’ అంటే దాన్నీ ఖండించకుండా వింటారా?

సీతంపేట మాస్టారు

(2022లో మా మండలం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గాని, మాకు ఇప్పటికీ పెద్దాసుపత్రి అంటే శ్రీకాకుళమే.) నేను సవరను. మీరిద్దరూ సంస్కృతి అనగానే నమ్మకాల వైపే వెళ్తున్నారు. మా గూడల్లో ఎజ్జోడి (పూజలతో జబ్బు నయం చేసే మా పూజారి) దగ్గరకు వెళ్లేవారూ ఉన్నారు, ఆదివారం చర్చికి వెళ్లేవారూ ఉన్నారు, రెండింటికీ వెళ్లని నాలాంటివారూ ఉన్నారు. సవర మనిషి కాబట్టి ఎజ్జోడిని పిలిపిద్దామనుకునే కౌన్సెలర్‌ను చూస్తే నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది.

అసలు అడ్డంకి భాష. సవర తెలుగుకు చుట్టం కాదు, ముండా కుటుంబానికి చెందినది. మా అత్త కూతురిని ఒకసారి పట్నానికి చూపించడానికి తీసుకెళ్తే, ఆమె మాటను తెలుగులోకి చెప్పడానికి ఆమె భర్తనే కూర్చోబెట్టారు. ఆమె బాధకు మూలం అతని తాగుడూ, దెబ్బలూ. ఆ గదిలో ఆమె చెప్పినదీ, కాగితం మీదకు ఎక్కినదీ ఒకటే అయి ఉంటుందా? గిడుగు రామమూర్తి పంతులుగారు నూరేళ్లకు పైగా క్రితం పర్లాకిమిడిలో సవర నేర్చుకుని, మా పిల్లలకు మా భాషలోనే చదువు చెప్పించాలని పుస్తకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. మానసిక వైద్యంలో ఆ పని ఇంకా మొదలే కాలేదు. ఇంటివారు కాని, సవర తెలిసిన ఒక మనిషికి జీతమిచ్చి ఆసుపత్రిలో కూర్చోబెట్టండి. డాక్టరుగారు చెప్పిన చిల్లంగి మాటకు జవాబు కూడా అక్కడే దొరుకుతుంది, ఎందుకంటే ‘నాకు భయంగా ఉంది’ అన్నదానికీ ‘ఆమెను వదలను’ అన్నదానికీ తేడా భాష వచ్చినవాడికే వినిపిస్తుంది.

కంటోన్మెంట్ వాసి (విజయనగరం)

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా, డాక్టరుగారు చెప్పిన లేని మాటలు వినిపించే జబ్బే. డాక్టరుగారితో సగం ఏకీభవిస్తాను, మందు లేకపోతే వాడు మాకు దక్కేవాడు కాదు. అయితే మాటలు వినిపించడం ఆగిపోయాక ఆరేళ్లపాటు వాడు అరుగు మీద గోడకానుకుని కూర్చున్నాడు, ఆ ఆరేళ్లూ చీటీలో ‘పరిస్థితి నిలకడగా ఉంది’ అనే రాశారు. తరువాత వచ్చిన ఒక కౌన్సెలరమ్మ వాడికి ఏమి రాదో అడగడం మానేసి, ఏమి వచ్చో, ఏమి కావాలో అడిగారు. వాడికి కావలసింది పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను చూడడం. జనం, డప్పులు, తోపులాట అంటే భయంతో మేమే ఏళ్లుగా తీసుకెళ్లలేదు. ఆమె దాన్నే లక్ష్యంగా పెట్టుకుని, మొదట సాయంత్రం మూడులాంతర్ల కూడలి దాకా నడక, తరువాత సంత రోజున అరగంట, ఇలా నాలుగు నెలలు అలవాటు చేశారు. ఆ ఏడాది జాతర జరిగిన మంగళవారం నాడు సిరిమాను మూడుసార్లు తిరిగేదాకా వాడు మా తెలిసినవారి మేడ మీద నిలబడి చూశాడు. ఇప్పుడు సైకిల్ షాపులో ఒంటిపూట పనిచేస్తున్నాడు. మాత్రలు ఆపలేదు.

పాత స్టెతస్కోపు

మీ తమ్ముడి విషయంలో నాకు అభ్యంతరమే లేదు, మందు ముందు పడింది. నా పేచీ వరుసతోనే.

నాగావళి గట్టు

వరుస విషయంలో డాక్టరుగారి మాట కొంత ఒప్పుకుంటున్నాను. రక్త పరీక్ష మొదటి రోజే రాయించవలసింది, అది నా లోపం. ఇప్పుడు ఆ పని చేయించాను. అయితే మందుకు ముందు వేరే ఏదీ ఉండకూడదన్న మాట ఒప్పుకోలేను. బలాల ఆధారంగా పనిచేసే పద్ధతిని 1980లలో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ రాప్ బృందం రూపొందించినది చిన్నచిన్న దిగుళ్ల కోసం కాదు, తీవ్రమైన మానసిక వ్యాధులతో బతుకుతున్నవారి కోసమే. గుజరాత్‌లోని ఉనావా దర్గాలో ప్రార్థనకు వచ్చినవారికి అక్కడే మనోవైద్యుడు మందు రాసే ఏర్పాటు చేశారు, రెండింటిలో ఒకటి వదులుకోమని ఎవరినీ అడగలేదు. చిల్లంగి అంటూ ఒకరి పేరు చెబితే మాత్రం అక్కడ వినడం ఆపి, ఆ ముసలామె ప్రాణం గురించే ముందు చూస్తాను.

మాస్టారూ, మీ మాట నాకు ఎక్కువ గుచ్చుకుంది. సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే ఒడియా ఆడవాళ్లతో వారి కోడళ్లచేత మాట్లాడించిన రోజులు నాకూ ఉన్నాయి.

ఉద్దానం ఆమె సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. కిడ్నీలు బాగున్నాయి, రక్తం బాగా తక్కువగా ఉంది. మాత్రలు వాడుతున్నారు. మొన్న వచ్చినప్పుడు సంఘం పుస్తకం వెంట తెచ్చి చూపించారు. గాలి మాత్రం ఇంకా పూర్తిగా వదల్లేదు అన్నారు. మాత్రలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి, ఈ వారం గాలి ఎన్నిసార్లు వచ్చిందో కూడా అదే కాగితం మీద రాసుకున్నాను.